కాలరు కుట్టిన జాకెట్లు

జనవరి 19, ఆదివారం

ఆరు కాదు అబిదా, ఏడు.

ఆ రోజు గోల్ఫ్‌లో, ఎనిమిదో హోల్ దగ్గర నువ్వు కొట్టినవి ఏడు. తుమ్మకంపలో ఇరుక్కున్న బంతి దగ్గర నిలబడి కాళ్ళు సర్దుకునేటప్పుడు నీ స్టిక్కు దానికి తగిలింది. తగిలితే అదీ ఒక దెబ్బే, దెబ్బలు తక్కువైనవాళ్ళదే కదా గెలుపు. ముప్పై రెండేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని నేను. నా ఎదురుగా నిలబడి ఆరు అనడానికి నీకు నోరెట్లా వచ్చిందో. నువ్వు పోయి ఇవాళ్టికి పదకొండో రోజు. మనిషి పోయినంత మాత్రాన ఏడు ఆరైపోదు.

ఈ డైరీ నా కూతురు సుప్రజ గుంటూరు నుంచి తెచ్చి ఇచ్చింది. "రోజూ బీపీ, షుగరు రాసిపెట్టమ్మా, డాక్టర్‌కి చూపిద్దాం" అన్నది. బీపీ ఉంది. షుగరూ ఉంది. రాశాను. మిగతా కాగితాలు నావి.

జనవరి 21, మంగళవారం

గోల్కొండ గోల్ఫ్ కోర్సుకి ఫోన్ చేశాను. మన లిస్టులో మొదటిది అదే కదా. ముందు గోల్కొండ కోట గోడల మధ్యది, తర్వాత ఢిల్లీలో కుతుబ్ మీనార్ పక్కది, ఎండలు ముదిరాక సిమ్లా పైన నల్దేరా. ఏరి ఏరి పెట్టుకున్నాం మూడింటినీ. మీ ఆయనది ఏ గ్రేడు ఉద్యోగం అని అడగని చోట్లు. ఫీజు కట్టి, పేరు రాయించుకుని ఆడుకోవడమే.

"ఎంతమంది ప్లేయర్స్ మేడమ్?" అన్నాడు అవతల అబ్బాయి.

"ఇద్దరం."

నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

"పేర్లు చెప్పండి."

"హనుమాయమ్మ. అబిదా బేగం."

నీ పేరు ఒక్కో అక్షరం పలికించుకుని మరీ రాసుకున్నాడు. ఫిబ్రవరి ఇరవై, గురువారం, మధ్యాహ్నం రెండు గంటలకి. రంజాన్ నెల మొదలయ్యేలోపలే. కాలరున్న చొక్కా తప్పనిసరి అని గుర్తుచేశాడు.

"ఆ ఏర్పాటు ఎప్పుడో అయింది నాయనా" అన్నాను.

అయింది కదా. నవంబరులో నువ్వే అన్నావు, "కాలరే గదక్కా వాళ్ళకి కావాల్సింది? జాకెట్టుకి కాలరు పెడితే ఏం పోయిద్ది? చీరకి చీరా ఉంటది, రూలుకి రూలూ ఉంటది" అని. నేవీ బ్లూ పాప్లిన్‌లో రెండు కత్తిరించావు. నాది కుట్టి ఇచ్చేశావు, బీరువాలో ఉంది. నీ దానికి ఒళ్ళూ చేతులూ అయినాయి, కాలరు ఒక పక్కే పడింది. రెండో పక్క ఇంకా మిషను మీద వేలాడుతూనే ఉందని నీ కోడలు ఆస్మా చెప్పింది.

జనవరి 23, గురువారం

మధ్యాహ్నం మూడింటికి నీ మిషను ఆడింది.

మన రెండిళ్ళకీ ఒకటే గోడ. సిమెంటు ఫ్యాక్టరీ మూసేశాక మాచర్ల వదిలి ఈ నరసరావుపేటలో పక్కపక్కన చేరింది మొదలు ఆ మోత వింటూనే ఉన్నాను. గుడ్డ మలుపు తిరిగేచోట నువ్వు కాలు ఆపి, చక్రం మీద చెయ్యి వేసి, మళ్ళీ మొదలుపెడతావు. అట్లాగే ఆగింది. అట్లాగే మొదలైంది. ఓ రెండు నిమిషాలు.

దయ్యమై తిరిగేంత తీరిక నీకెక్కడిది? పండక్కి ఇస్తానన్న జాకెట్లు ఇంకా పదిమందికి బాకీ ఉన్నావు.

జనవరి 24

ఇవాళ ఆడలేదు. మూడింటి నుంచి ఐదింటిదాకా గోడ పక్కనే కూర్చుని పేపరు చదివాను. పేపర్లో ఏముందో గుర్తులేదు.

జనవరి 26, ఆదివారం

నీ కొడుకు వచ్చాడు. గడ్డం మాసిపోయింది. వాడి చేతులకి ఎప్పుడూ ఉండే గ్రీజు లేదు, శుభ్రంగా ఉన్నాయి. మెకానిక్కు చేతులు శుభ్రంగా ఉంటే చూడ్డానికి భయమేసింది.

"పెద్దమ్మా, ఇంకోసారి చెప్పు. అమ్మ ఏమన్నది?"

"ఎన్నిసార్లురా మోయిన్? తొమ్మిదో హోల్ దగ్గర బంతి కొట్టింది. కూచున్నది. పక్కకి ఒరిగింది."

"నొప్పిగా ఉందని గానీ, ఆయాసమని గానీ..."

"అనలేదన్నానుగా."

వాడు కాసేపు చేతులు చూసుకున్నాడు. "నేను ఫోన్ సైలెంట్‌లో పెట్టకుండా ఉండాల్సింది. కార్లో అద్దాలెత్తుకుని పడుకోకుండా ఉండాల్సింది. నువ్వు నాలుగుసార్లు చేశావంట. పది నిమిషాలు పెద్దమ్మా. ఆ పది నిమిషాలుంటే మాచర్ల ఆస్పత్రికి చేరేటోళ్ళం. దారిలో పోయేది కాదు."

నేను టీ తాగమన్నాను. వాడు తాగాడు. కప్పు కడిగి బోర్లించి మరీ పోయాడు, నువ్వు నేర్పినట్టే.

అబద్ధం చెప్పాను అబిదా. నువ్వేమన్నావో నీకు తెలుసు, నాకు తెలుసు. ఇక్కడ కూడా రాయను.

ఢిల్లీకి రైలు చూడాలి. కింది బెర్తులు రెండు.

జనవరి 28, మంగళవారం

సుప్రజ ఫోన్ చేసింది. "ఆవిడే పోయాక ఇంకా ట్రిప్పేంటమ్మా? డెబ్బై రెండేళ్ళకి గోల్ఫ్ ఏంటి, నలుగురు వింటే నవ్వుతారు" అన్నది. నవ్వే నలుగురి పేర్లు రాసి పంపమన్నాను. పెట్టేసింది.

దానికేం తెలుసు? అది అప్పుడు హాస్టల్లో ఉంది. ఫ్యాక్టరీ కాలనీ వెనక ఆ తొమ్మిది హోల్స్‌ని గోల్ఫ్ కోర్స్ అనడానికి మొహమాటపడాలి. సున్నపురాయి నేల మీద గడ్డి మొలవదు కాబట్టి, గుంట చుట్టూ ఇసుకలో కాలిన ఇంజినాయిలు కలిపి పరిచేవాళ్ళు. పచ్చగా ఉండాల్సిన గ్రీన్ నల్లగా ఉండేది. ఆ ఆయిలు గ్యారేజీ నుంచి డబ్బాల్లో పంపేది మీ ఆయన మీరా సాహెబ్. గుంటల్లో పాతే జెండాలు కుట్టేది నువ్వు. ఆడేది మాత్రం ఆఫీసర్లూ, మంగళవారం ఒక్కపూట మా ఆఫీసర్ల భార్యలమూ. వర్కర్ల ఇళ్ళవాళ్ళు లోపలికి రావచ్చు, సంచి మోయడానికైతే.

అందుకని నువ్వు నా సంచి మోశావు. మొదటి మూడు హోల్స్ మోసేదానివి. నాలుగో హోల్ నుంచి ఏడో దాకా క్వారీ గుట్ట అడ్డం, క్లబ్బు వరండాలోంచి కనపడవు. అక్కడ సంచి కింద పెట్టి, కొంగు దోపుకుని, నా స్టిక్కుతోనే నన్ను ఓడించేదానివి. ఎనిమిదో దానికి రాగానే మళ్ళీ సంచి భుజానికి. తొమ్మిదేళ్ళు నీకు తెలిసిన గోల్ఫ్ ఆ నాలుగు హోల్సే. ఆట కార్డు మీద నీ పేరు ఏనాడూ పడలేదు. స్కోరు నువ్వు నీ కొలతల పుస్తకంలో రాసుకునేదానివి, ఎవరిదో నడుం చుట్టుకొలత కింద.

ఫ్యాక్టరీ మూతపడి, కంప మొలిచి, అడిగేవాడు లేకుండా పోయాక గానీ తొమ్మిదీ ఆడలేదు నువ్వు. నెలకో గురువారం మోయిన్ కారులో తీసుకెళ్ళేవాడు. నల్దేరా ఫోటో ఫోన్లో చూపించింది కూడా వాడే. "ఇంత పచ్చగా ఉంటే బంతి యాడ పడిందో ఎట్టా కనపడిద్దిరా?" అన్నావు. తర్వాత ఆ ఫోటోని వేలితో అటూ ఇటూ జరిపి చూశావు. ఆఖరికి, "పేరు నిజంగా రాస్తారంటావా అక్కా?" అన్నావు.

మూడుసార్లు వాయిదా వేశాం. ఒకసారి నా మోకాలు. ఒకసారి ఓట్లప్పుడు నూటనలభైనాలుగు సెక్షను. ఒకసారి ఊరికే, నాకు బద్ధకమై.

మూడుసార్లూ వాయిదా వేసింది నేనే. వేశాం అని రాశాను పైన. కొట్టెయ్యడం లేదు, అట్లాగే ఉండనీ.

ఫిబ్రవరి 1, శనివారం

మూడింటికి మిషను. పిట్టగోడ మీదుగా ఆస్మాని పిలిచాను.

"ఏమే, మిషను ఎవరు తొక్కుతున్నారు?"

"ఎవరూ లేదు పెద్దమ్మా. గుడ్డ కప్పి పెట్టాం గదా."

ఆ పిల్ల అబద్ధం ఆడే రకం కాదు. నేను ఆడే రకం అని ఈ వీధిలో ఎవరైనా అనుకుంటారా మరి?

ఫిబ్రవరి 3

ఆ రోజు కట్టుకున్న చీర మూడోసారి ఉతికించాను. కాలిన ఆయిలు వాసన పోలేదు. ఆ కోర్సులో ఆయిలు పోసి పుష్కరం దాటింది. వాసన ఎక్కడి నుంచి వస్తోంది?

ఫిబ్రవరి 4, మంగళవారం

మోయిన్ షెడ్డు ఇంకా తెరవలేదు. ఏం చేస్తున్నాడే ఇంట్లో అని ఆస్మాని అడిగాను. కాసేపు పమిట అంచు నలుపుకుని అప్పుడు చెప్పింది.

"దొడ్లో కారు నిలబెట్టి, అద్దాలెత్తుకుని, లోపల పడుకుంటన్నాడు పెద్దమ్మా. ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఆ పక్క సీట్లో పెట్టుకుంటాడు. నన్ను వంటింట్లోంచి ఫోన్ చెయ్యమంటాడు. ఎన్నోసారికి మెలకువొచ్చిద్దో చూడాలంట. నిన్న మూడోసారికే లేచాడు. లేచి ఏడ్చాడు."

గోడకి ఇవతల నేను సిమ్లాలో వేసుకోవాల్సిన స్వెట్టర్ల లిస్టు రాస్తున్నాను ఆ సమయానికి.

ఫిబ్రవరి 5

చెప్పాలి.

ఫిబ్రవరి 6

గోల్కొండ కోర్సులో వందల ఏళ్ళ నాటి బ్రహ్మాండమైన చెట్టొకటి ఉందట. కాండం లోపల మనుషులు దూరేంత తొర్ర. నీకు చూపించాలి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మూడింటికి మిషను.

శుక్రవారం నువ్వు మిషను ముట్టవు కదా.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆస్మా నీ హ్యాండ్‌బ్యాగు తెచ్చి ఇచ్చింది. "దీంట్లో మీవి ఏమన్నా ఉన్నయ్యేమో చూడండి పెద్దమ్మా, ఆయన చూడలేకపోతన్నాడు" అన్నది. నా కళ్ళజోడు తుడిచే గుడ్డ ఉంది. నువ్వు తీయలేదని నెలరోజులు వాదించిన గుడ్డ. వక్కపొడి. టేపు. కొలతల పుస్తకం.

ఆఖరి పేజీ తీశాను. ఎవరో వెంకాయమ్మ గారి భుజం, చేతి పొడవు. దాని కింద తారీకు, హోల్స్ వరసగా, రెండు గళ్ళలో. అక్క. నేను.

ఎనిమిదో హోల్ దగ్గర, నీ గడిలో, నీ గుండ్రటి చేతిరాతలో, ఏడు.

తొమ్మిది దగ్గర ఖాళీ.

ఫిబ్రవరి 10

ఏడు అని రాసుకుని నాతో ఆరు అన్నావు.

ఫిబ్రవరి 11, మంగళవారం

రాస్తున్నాను.

ఎనిమిదో హోల్ అయింది. నువ్వు ఎడమచెయ్యి పట్టుకుని, "చెయ్యి లాగుతందక్కా, కాసేపు కూచుందాం" అన్నావు. నేను, "ఓడిపోయేటప్పుడే గుర్తొస్తయ్యి నీకు చేతులు" అన్నాను. పైగా నవ్వాను కూడా. సంచి సర్దుకుని నడవబోయాను.

అప్పుడు నువ్వు, "ఆరేగదా నాది?" అన్నావు.

నేను ఆగాను. ఆగక ఏం చేస్తాను? తిరిగి వచ్చి, స్టిక్కు నేలకి ఆనించి, ఒక్కో దెబ్బా లెక్కపెట్టి చెప్పాను. నువ్వు గుట్ట నీడలో రాయికి ఆనుకుని కళ్ళు మూసుకుని, "కాదు, ఆరే" అన్నావు. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ "ఆరే" అన్నావు. పావుగంట. నీ ముఖం మీద చెమట చూశాను. ఓడిపోతున్న చెమట అనుకున్నాను.

నొప్పంటే నేను ఆగను, లెక్కంటే ఆగుతాను. నలభై ఏళ్ళుగా నీకు తెలిసిన సంగతే. కాసేపు నన్ను ఆపడానికే నాతో తగాదా పెట్టుకున్నావు.

పావుగంట తర్వాత, "ఇక చాలు, తొమ్మిదోది కూడా కొట్టి కారులో కూచుందువు పద" అన్నాను. నువ్వు నడిచావు. ఆ ఎత్తు మీద రెండుసార్లు నిలబడి నడిచావు. కొట్టావు. బంతి కంపలోకి పోయింది. నువ్వు కూర్చున్నావు. నువ్వు చెయ్యి అన్న దగ్గర్నుంచి నేను మోయిన్‌కి మొదటి ఫోన్ చేసిందాకా ముప్పావుగంట.

ఇదంతా కాగితం మీద పెట్టాక, చెప్పులు వేసుకుని పక్కింటికి పోయాను. వాడు దొడ్లో కారులో ఉన్నాడు. అద్దం మీద కొట్టాను. మొదటిసారికే తీశాడు.

"నీ పది నిమిషాలు కాదురా. నా ముప్పావుగంట" అన్నాను. అంతా చెప్పాను. ఓడిపోయేటప్పుడే గుర్తొస్తయ్యి నీకు చేతులు అన్నది కూడా, ఆ మాట ఆ మాటగానే.

వాడు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని విన్నాడు, బండి నడుపుతున్నవాడిలాగా.

"నెల రోజులు" అన్నాడు చివరికి. "నెల రోజుల నుంచి వచ్చి నీ కాళ్ళ దగ్గర కూచుని అడుగుతన్నా గదా పెద్దమ్మా. నన్ను చూస్తానే ఉన్నావు గదా."

"చూస్తూనే ఉన్నాను."

అద్దం ఎత్తేశాడు.

ఫిబ్రవరి 12

ఏమీ లేదు.

ఫిబ్రవరి 13, గురువారం

మోయిన్ కారు పొద్దున్నే బయటికి వెళ్ళింది. చీకటిపడే వేళకి వచ్చింది. టైర్లకి తెల్లమట్టి. మన సున్నపురాయి మట్టి.

నా వైపు చూడలేదు.

ఫిబ్రవరి 15

షెడ్డు తెరిచాడు. సుత్తి మోత వినపడింది. మిషను మోత లేదు. రెండూ ఒకేసారి వినాలని ఆశపడటం మరీ ఎక్కువేమో.

ఫిబ్రవరి 17, సోమవారం

నీ నలభయ్యో రోజు. ఫాతెహా చదివారు. ఆస్మా వచ్చి పిలిచింది కాబట్టి వెళ్ళాను. పిలవకపోయినా వెళ్ళేదాన్నే, గుమ్మంలో నిలబడి వచ్చేదాన్ని.

నా పళ్ళెం మోయినే తెచ్చాడు. బగారన్నం, దాల్చా. వేళ్ళ సందుల్లో గ్రీజు ఉంది. కింద పెట్టి, పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"తొమ్మిదో దాని కాడికి పోయొచ్చా. ఇద్దరు మనుషుల్ని పెట్టి కంపంతా కొట్టించా. బంతి దొరకలేదు."

"దొరకదురా. నేనూ చూశాను."

"గోల్కొండకి అమ్మ పేరు రాయించావంట."

"రాయించాను."

"తీసెయ్యబాక." లేచాడు. "గురువారం పొద్దున ఐదింటికి బండి తీస్తా. లేటు చేస్తే హారన్ కొట్టను, ఎల్లిపోతా. నిన్ను మాఫ్ చేశానని మాత్రం అనుకోబాకు పెద్దమ్మా. ఆ రిజిస్టర్లో అమ్మ పేరు నా కళ్ళతో చూడాలని వస్తన్నా."

అనుకోనని చెప్పాను. దాల్చాలో ఉప్పు ఎక్కువైంది. మొత్తం తిన్నాను.

వంటింట్లో ఆస్మా నా చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, మిషను నేనే. అత్తమ్మ జాకెట్టు కాలరు పూర్తిచేద్దామని, ఎవురికీ చెప్పకుండా చూశా. రెండుసార్లూ వంకర పోయింది. ఇప్పుకుంటా కుట్టుకుంటా ఉంటే దారం అయిపోయింది. ఆయనకి తెలిస్తే బాధపడతాడని మీక్కూడా లేదన్నా."

గుండె తేలికపడింది. తర్వాత గుర్తొచ్చి అడిగాను, "మొన్న శుక్రవారం కాదు, అంతకు ముందు శుక్రవారం, ఏడో తారీకు, మూడింటికి కూడా నువ్వేనా?"

"ఏడో తారీకా? ఆ రోజు మేం పిడుగురాళ్ళలో మా అమ్మోళ్ళింట్లో ఉన్నాం గదా. ఇంటికి తాళం."



ఫిబ్రవరి 18, మంగళవారం

గోల్కొండ అబ్బాయికి ఫోన్ చేశాను. మూడో పేరు రాయమన్నాను. ఆస్మా. నిన్న "నేనొచ్చి సంచి మోస్తా" అంటే, సంచి మోసే పనైతే ఇంట్లోనే ఉండు అని కసిరాను. ఆట రాదంది. మీ అత్తకి మొదటి మూడు హోల్స్ తొమ్మిదేళ్ళదాకా తెలియవు, నాలుగో దాని నుంచి మొదలుపెట్టి నన్ను ఓడించింది అని చెప్పాను. నీ జాకెట్టు దానికి రెండంగుళాలు వదులు, పక్కకుట్లలో పట్టేస్తానంది.

"అబిదా గారు వస్తున్నారా మేడమ్?" అని అడిగాడు.

రారని చెప్పాను. నలభై రోజుల్లో మొదటిసారి ఆ మాట పైకి అన్నాను. అయితే తీసేయమంటారా అన్నాడు. వద్దన్నాను. తీయకపోతే పేరు పక్కన రాలేదు అని వేస్తారట.

"వెయ్యి నాయనా. పేరు మాత్రం ఉండనీ."

ఎనిమిదో హోల్ ఏడే అబిదా. నీ పుస్తకంలోనూ ఏడే. తగాదా అయిపోయింది. ఇక పోట్లాడటానికి నా దగ్గర ఏమీ లేదు.

రేపు పొద్దున ఆస్మాకి ఇచ్చే చీటీ ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. పాత అలవాటు.

ఆస్మా,

దారం రీలు ఒకటి తీసుకురా. నేవీ బ్లూ. షాపువాడు నేవీ బ్లూ అని నలుపు అంటగడతాడు కాబట్టి, ఈ చీటీతో పెట్టిన గుడ్డముక్క మర్చిపోకుండా తీసుకుపో. ట్యూబులైటు కింద చూసి కొనొద్దు. రీలు పట్టుకుని వీధిలోకి వచ్చి, దారం ఒక జానెడు లాగి, గుడ్డ మీద పెట్టి ఎండలో చూడు. మీ అత్త అట్లాగే చూసేది. దారం కనపడకుండా పోతే అదే రంగు. సూది పద్నాలుగో నంబరు, రెండు తీసుకో. గుండీలు వద్దు, డబ్బాలో ఉన్నాయి. వంకర పోయిన కుట్లు నేను ఇప్పి పెడతాను, జాకెట్టు నా దగ్గర ఇచ్చి వెళ్ళు.

పన్నెండింటికల్లా కూర్చుంటే రెండున్నరకి అయిపోతుంది. అవగానే లేచి వచ్చెయ్. మూడింటికి మిషను ఖాళీగా ఉంచు.